‘సరే’ అన్నారంటే సరేనా? లీడ్‌కీ టీమ్‌కీ మధ్య మాట నడిపించుకోవడం ఎలా

బెంగళూరు ఆఫీసుల్లో నాలుగు భాషల వాళ్లకీ ఉమ్మడిగా ఉన్న మాట ఒకటుంది. మనం ‘సరే’ అంటాం. కన్నడిగులూ తమిళులూ ‘సరి’ అంటారు. మలయాళీలు ‘శరి’ అంటారు. మీటింగ్ గది అద్దాల్లోంచి చూస్తే తలలన్నీ గంగిరెద్దు తలల్లా ఒకే తాళానికి ఊగుతుంటాయి. చిక్కేమిటంటే ఆ మాటకి ‘ఒప్పుకున్నాను’ అనే ఒక్క అర్థమే లేదు. ‘విన్నాను’ అని కావచ్చు. ‘సగమే అర్థమైంది, అడగడానికి మొహమాటంగా ఉంది’ అని కావచ్చు. ‘ఇది కుదరదని తెలుసు, కానీ ఇప్పుడు మీతో వాదించే ఓపిక లేదు’ అని కూడా కావచ్చు.

ఈ చివరి అర్థం నాకు ఒక శుక్రవారం రాత్రి తెలిసొచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు, పదకొండు మంది టీమ్, వాళ్లని నడిపించే లీడ్‌ని నేను. గురువారం సాయంత్రం ‘రేపు రిలీజ్ ఇచ్చేద్దాం’ అన్నాను, అంటే కొత్త మార్పులను వాడేవాళ్లకి పంపేద్దామని. అనంతపురం నుంచి వచ్చి ఎనిమిది నెలలైన కుర్రాడు ‘సరే అన్నా’ అన్నాడు. మర్నాడు రాత్రి పదకొండింటికి పేమెంట్ పేజీ పడుకుంది. ఆ భాగం పూర్తిగా టెస్ట్ కాలేదని అతనికి సోమవారమే తెలుసు. పక్క సీటు అమ్మాయికీ తెలుసు. ఆంధ్రా మెస్‌లో పప్పన్నం కలుపుకుంటూ ఇద్దరూ దాని గురించి మాట్లాడుకున్నారట కూడా. తెలియనిది నాకొక్కడికే.

‘ముందే చెప్పొచ్చుగా?’ అని అరిచాను. అతనేం మాట్లాడలేదు. వారం తర్వాత వేరే వాళ్ల నోట విన్నాను: అంతకు నెల ముందు ఇంకొకరు నాకు ముందే చెప్పారు. నేను అందరి ముందూ ‘అయితే శని, ఆదివారాలు కూర్చుని చేయండి’ అన్నాను. ఆ రోజు పదిమందీ పాఠం నేర్చుకున్నారు. టీమ్‌కి ‘సరే’ అనడం పుట్టుకతో రాదు, లీడ్ దగ్గరే వస్తుంది. దాన్ని మాన్పించడానికి నేను చేసినవీ, చేసి చెడిపోయినవీ ఇక్కడ రాస్తున్నాను. మీరు లీడ్ అయితే వరుసగా చదవండి. టీమ్‌లో ఒకరైతే చివరి భాగం మీ కోసం.

ముందు రెండు వారాలు లెక్క రాయండి

ఎవరికీ చెప్పకండి, కొత్త పద్ధతి ఏదీ ప్రకటించకండి. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకుని మూడు గడులు గీయండి. మీ చెవిన పడ్డ చెడ్డ కబురు ఏమిటి? ఎవరు చెప్పారు? వాళ్లకి తెలిసిన ఎన్ని రోజులకు మీకు తెలిసింది? రెండు వారాల పాటు ప్రతి సాయంత్రం రెండు నిమిషాలు కూర్చుని నింపండి.

నా పుస్తకంలో మొదటి రెండు వారాల్లో నాలుగే పడ్డాయి. అందులో మూడు క్లయింట్ నోట విన్నవి. మూడో గడిలో అన్నిటికన్నా చిన్న అంకె నాలుగు.

రెండు వారాల్లో ఒక్కటి కూడా పడలేదంటే సంబరపడకండి. 1990లలో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను లెక్కించారు. మంచి టీమ్‌లలో తప్పులు తక్కువ ఉంటాయనుకుంటే లెక్క తిరగబడింది, బాగా నడుస్తున్న టీమ్‌లలోనే ఎక్కువ కనిపించాయి. తవ్వి చూస్తే వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని అనుకోవడానికి వీల్లేదు, జరిగినవి దాచుకోకుండా చెప్పుకుంటున్నారు. మిగతాచోట్ల నర్సులు నోరు మెదపడం లేదు. అదే ఆవిడ 1999లో రాసిన వ్యాసంతో ‘మాట్లాడితే ముప్పు లేదనే నమ్మకం’ టీమ్‌కి ఎంత ముఖ్యమో యాజమాన్య శాస్త్రంలో స్థిరపడింది. కాబట్టి మీ పుస్తకం ఖాళీగా ఉంటే, మీ టీమ్ బ్రహ్మాండంగా ఉండి ఉండాలి, లేదా మీకు చెప్పడం మానేసి ఉండాలి. మొదటిదే అని మీకు గట్టి నమ్మకమా?

వెళ్లిపోతున్న వాళ్లని అడగండి

మన కంపెనీల్లో నోటీస్ పీరియడ్ అరవై రోజులో తొంభై రోజులో ఉంటుంది. అందరూ దాన్ని పని అప్పజెప్పే కాలంగానే చూస్తారు. నన్నడిగితే లీడ్‌కి అంతకన్నా మంచి బడి లేదు. రేటింగ్ భయం లేదు, హైక్ ఆశ లేదు, మీ ముఖం మాడినా వాళ్లకి పోయేదేం లేదు. హెచ్‌ఆర్ వాళ్ల ఎగ్జిట్ ఇంటర్వ్యూలో ‘బెటర్ ఆపర్చునిటీ’ అని రాసేస్తారు, ఎందుకంటే రిలీవింగ్ లెటర్ కావాలి. మీరు కాఫీకి తీసుకెళ్లండి. ఆఫీసు కెఫెటీరియాకి వద్దు, బయట నిలబడి తాగే దర్శిని హోటల్‌కి. ఒకే ప్రశ్న అడగండి: ‘నాకు చెప్పాలనుకుని చెప్పకుండా మానేసింది ఏదైనా ఒకటి చెప్పండి.’

నాకు అలా చెప్పినావిడ ఇచ్చిన జవాబు: ‘మీరు ప్రశ్న అడిగి, జవాబు కూడా మీరే చెప్పేస్తారు.’ నిజం. ‘ఇదేం పెద్ద పని కాదు కదా, రెండు రోజులు చాలుగా?’ అనడం నా ఊతపదం. అందులో ప్రశ్న ఎక్కడుంది?

విన్నాక సమర్థించుకోవద్దు. ‘అది అలా కాదండీ, ఆ రోజు ఏమైందంటే’ అని మొదలుపెట్టారా, కాఫీ డబ్బులు దండగ.

వన్ ఆన్ వన్ అంటే స్టేటస్ అడగడం కాదు

ఇంటెల్‌ని నడిపిన ఆండీ గ్రోవ్ ఈ ముఖాముఖి భేటీలను పట్టుబట్టి సాగించాడు. ఆయన నియమం సులువైనది: అది కింద పనిచేసేవాళ్ల మీటింగ్, ఏం మాట్లాడాలో వాళ్లే తేవాలి. కనీసం గంట ఉండాలనేవాడు కూడా, ఎందుకంటే సమయం తక్కువైతే గబగబా తేలిపోయే చిన్న సంగతులే బయటికొస్తాయి. మనకి గంట దొరకదు. పదకొండు మందికి గంట చొప్పున వారానికి పదకొండు గంటలు, లెక్క కుదరదు. నేను రెండు వారాలకోసారి నలభై నిమిషాలు పెట్టుకున్నాను. ఎంతసేపన్నది ఎలా ఉన్నా, రద్దు చేయకుండా ఉండటం దానికన్నా ముఖ్యం. రెండుసార్లు వరుసగా ‘ఎస్కలేషన్ ఉంది, వచ్చే వారం చూద్దాం’ అన్నారంటే మూడోసారి మీ ఎదురుగా కూర్చునేది మనిషి ఆకారం మాత్రమే.

అద్దాల గదిలో పెట్టకండి. లోపల ఎవరు ఎంతసేపు ఉన్నారో ఫ్లోర్ అంతా చూస్తుంది. టెక్ పార్క్ చుట్టూ ఒక రౌండ్ నడవండి. పక్కపక్కన నడిచేటప్పుడు కళ్లలోకి చూడనక్కర్లేదు, దాంతో సగం బెరుకు పోతుంది. ఇంటి నుంచి పనిచేసే రోజైతే వీడియో ఆపేసి మామూలు ఫోన్ కాల్‌లా మాట్లాడండి, అటూ ఇటూ తిరుగుతూ.

ఇక ప్రశ్నలు. ‘ఏమైనా ఇబ్బందులున్నాయా?’ అంటే ‘ఏం లేవు సార్’ అనే జవాబు అచ్చేసి ఉంటుంది. ఇబ్బంది ఉందని ఒప్పుకోవడం మనవాళ్లకి చేతకానితనం ఒప్పుకున్నట్టు. దానికి బదులు పనిని అడగండి, మనిషిని వదిలేయండి. ‘ఈ వారం మీ సమయాన్ని ఎక్కువ తినేసింది ఏది?’ ‘ఈ నెల్లో ఏదో ఒకటి తప్పకుండా పాడవుతుందంటే ఏది పాడవుతుందని పందెం కాస్తారు?’ ‘నేను చేసే పనుల్లో ఏది మానేస్తే మీకు హాయిగా ఉంటుంది?’ ఈ మూడో ప్రశ్న మొదటి నెలలో అడగకండి. అడిగితే మీరేదో వల వేస్తున్నారనుకుంటారు.

అడిగాక నోరు మూసుకోవడం కష్టమైన భాగం. మనసులో పది లెక్కపెట్టండి. ఆరు దగ్గరికి వచ్చేసరికి మీకే ఇబ్బందిగా ఉంటుంది, ఏదో ఒకటి అనేయాలనిపిస్తుంది. అనకండి. నాకు దొరికిన మంచి కబుర్లన్నీ ఏడుకీ పదికీ మధ్య వచ్చినవే.

ఇంకో మాట మీద చెవి పెట్టండి: ‘పర్లేదు’. ‘కొత్త మాడ్యూల్ ఎలా ఉంది?’ అంటే ‘పర్లేదండీ’ అన్నారనుకోండి, బాగాలేదని అర్థం. అక్కడే ఆగి ‘పర్లేదంటే, ఏ భాగం పర్లేదు, ఏ భాగం పర్లేదనిపించట్లేదు?’ అని నవ్వుతూ అడగండి.

మొదటి మూడు భేటీలు ఖాళీగా పోతాయి. వాతావరణం, ట్రాఫిక్, పీజీలో భోజనం. పోనివ్వండి. నాలుగోసారి ఏదో చిన్న ఫిర్యాదు వస్తుంది, మానిటర్ మినుకుమినుకుమంటోందనో, స్టాండప్ (రోజూ పొద్దున జరిగే చిన్న మీటింగ్) తొమ్మిదిన్నరకి పెడితే సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి రావడానికి ఏడున్నరకే బయల్దేరాల్సి వస్తోందనో. అది మిమ్మల్ని పరీక్షించడానికి వేసిన చిల్లర. వారంలోపు దాని సంగతి తేల్చండి. కుదరకపోతే కుదరలేదనీ, ఎందుకు కుదరలేదో కూడా చెప్పండి. చిల్లరకి లెక్క చెప్పినవాళ్ల చేతికే ఎవరైనా నోట్లు ఇస్తారు. నేను స్టాండప్‌ని పదిన్నరకి జరిపిన వారమే, టెస్టింగ్ సర్వర్ మూడు వారాలుగా పాత డేటాతో నడుస్తోందన్న కబురు బయటికొచ్చింది.

ఒక్క హెచ్చరిక. ఇవన్నీ అప్రైజల్ నెలలో మొదలుపెట్టకండి. నక్క వినయమనుకుంటారు.

పని చెప్పేటప్పుడు: మీ తలలో మోగే పాట వాళ్లకి వినబడదు

1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే విద్యార్థిని తన పీహెచ్‌డీ కోసం ఒక సరదా ప్రయోగం చేసింది. ఒకరు అందరికీ తెలిసిన పాటను బల్ల మీద వేళ్లతో దరువేయాలి, ఎదుటివాళ్లు ఏ పాటో చెప్పాలి. సగం మందైనా చెప్పేస్తారని దరువేసినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో పోల్చుకోగలిగింది మూడంటే మూడు. దరువేసేవాళ్లకి తలలో పాట మొత్తం వినిపిస్తోంది, ఎదుటివాళ్లకి టకటక తప్ప ఏమీ లేదు. నమ్మకం లేకపోతే ఈ రాత్రి ఇంట్లో పిల్లలతో ఆడి చూడండి. రెండో పాటకే ‘ఇంత ఈజీ పాట తెలీట్లేదా?’ అని మీరు విసుక్కుంటారు. ఆఫీసులో కూడా సరిగ్గా అలాగే విసుక్కుంటున్నారు.

దానికి తోడు మన భాష మనకి కొన్ని చాటులు కల్పించింది. ‘మనం’, ‘మేము’ అని రెండు మాటలు పెట్టుకున్న భాష మనది. లీడ్‌లు దాన్ని భలే వాడతారు. పని పంచేటప్పుడు ‘మనం శుక్రవారానికి ఇచ్చేద్దాం’. పైవాళ్ల ముందు మెప్పు దగ్గర ‘మేం చేశాం’. తేడా వచ్చిన రోజు ‘మీరు చూసుకోలేదా?’ ఆ ‘ఇచ్చేద్దాం’లో ఇచ్చేది ఎవరో ఎవరికీ తెలియదు. ‘అయిపోతుంది’ అన్నది ఇంకో మాయ, చేసేవాళ్లే లేని పని. అన్నం దానంతటదే ఉడికినట్టు కోడ్ దానంతటదే అయిపోతుంది కాబోలు.

అందుకని పని చెప్పేటప్పుడు ఇలా చెప్పి చూడండి:

‘రీఫండ్ రిపోర్టులో అంకెలు క్లయింట్ లెక్కతో కలవట్లేదు. బుధవారం పదకొండింటికి వాళ్ల ఫైనాన్స్ వాళ్లతో కాల్ ఉంది, అప్పటికి తేడా ఎక్కడొస్తోందో తెలియాలి. సరిచేయడం ఇప్పుడే వద్దు, కారణం దొరికితే చాలు. ఇది మీరు చూడాలి. డేటాబేస్ యాక్సెస్ కోసం అవసరమైతే నా పేరు చెప్పి అడగండి. మంగళవారం సాయంత్రానికి దొరక్కపోతే దొరకలేదని చెప్పండి, అదీ నాకు పనికొచ్చే కబురే.’

ఎందుకో ఉంది, ఎప్పటికో ఉంది, ఎవరో ఉంది. అందరూ వదిలేసేది ‘సరిచేయడం ఇప్పుడే వద్దు’ అన్న ముక్క. ఏం చేయనక్కర్లేదో చెప్పకపోతే చురుకైనవాళ్లు అదనంగా రెండు రాత్రులు మేలుకుని మీకు అక్కర్లేనిది కట్టి తెస్తారు. మీరు ‘ఇది అడగలేదే’ అంటారు. ఆ తర్వాత వాళ్లు చురుగ్గా ఉండటం మానేస్తారు.

చెప్పాక తిరిగి చెప్పించుకోండి. విమానాల్లో కంట్రోల్ టవర్ ఇచ్చిన ఆదేశాన్ని పైలట్ మళ్లీ పలుకుతాడు, అటువైపు విని సరిచూస్తారు. ‘రోజర్’ (విన్నాను) అంటే సరిపోదు. కానీ మన దగ్గర ‘ఏం అర్థమైందో చెప్పు’ అంటే బళ్లో పంతులు నిలబెట్టినట్టుంటుంది. తప్పు మీ మీద వేసుకుని అడగండి: ‘నేను గబగబా చెప్పేశాను, ఏదైనా వదిలేశానేమో. ముందు దేనితో మొదలుపెడతారు?’ ఈ ఒక్క ప్రశ్న వారానికి నాకు కనీసం ఒక తప్పు దారిని మొదట్లోనే ఆపుతోంది.

టీ దగ్గర తెలుగు

ఇది బెంగళూరులో ఉన్న తెలుగు లీడ్‌లకి ప్రత్యేకం. టీమ్‌లో ముగ్గురు మనవాళ్లుంటారు. నాలుగింటికి టీకి వెళ్తాం. ఊరి కబుర్లు, సంక్రాంతికి బస్సు టికెట్లు, మధ్యలో ‘ఆ ఏపీఐ ఈ స్ప్రింట్‌లో వద్దులే’ అని (ఆ సాఫ్ట్‌వేర్ భాగం ఈ విడత పనిలో వద్దని) ఒక నిర్ణయం జారిపోతుంది. హాసన్ నుంచి వచ్చిన టెస్టర్ అమ్మాయి రెండు రోజులు ఆ ఏపీఐకే టెస్ట్ కేసులు రాసింది. తెలిశాక ఆమె గొడవ పడలేదు. మర్నాడు మేం టీ నుంచి తిరిగొస్తుంటే ‘నిమ్మ తెలుగు మీటింగ్ ముగీతా?’ అంది, మీ తెలుగు మీటింగ్ అయిందా అని. నవ్వుతూనే అంది. నాకు ఆ సాయంత్రమంతా గొంతులో ముల్లు దిగినట్టే ఉంది.

అప్పటినుంచి మా నియమం: కబుర్లు ఏ భాషలోనైనా సరే, నిర్ణయం మాత్రం గంటలోపు అందరికీ తెలిసిన భాషలో గ్రూపులో రెండు వాక్యాలుగా పడాలి. టీ దగ్గర తేల్చింది గ్రూపులో పడేదాకా తేలినట్టు కాదు. మనవాళ్లు ముగ్గురే నన్ను ‘అన్నా’ అని పిలుస్తారు, మిగతావాళ్లు పేరు పెట్టి పిలుస్తారు. పిలుపులో తప్పులేదు. కానీ ‘అన్న’ దగ్గరికి ముందు చేరే కబుర్లు పేరు పెట్టి పిలిచేవాళ్లకి ఆలస్యంగా చేరుతుంటే అది పక్షపాతమే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పల్లెటూరి నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషులో అడిగితే ‘ఫైన్’ అంటారు. అదే ప్రశ్న నడుస్తూ తెలుగులో అడిగితే గంటసేపు చెబుతారు. వన్ ఆన్ వన్‌లో భాష వాళ్ల ఇష్టం. ధార్వాడ్ కుర్రాడితో నా విరిగిపోయిన కన్నడ కూడా నా మంచి ఇంగ్లీషు కన్నా ఎక్కువ పనిచేసింది, నవ్వుకోవడానికైనా.

చెడ్డ కబురు వచ్చిన మొదటి అర నిమిషం

మిగతావన్నీ సరిగ్గా చేసి ఇక్కడ తప్పితే మళ్లీ మొదటికే. ఎవరైనా వచ్చి ‘ఒక సమస్య ఉంది’ అన్నప్పుడు టీమ్ మీ మాట వినదు, ముఖం చూస్తుంది.

1977 మార్చి 27న టెనెరిఫ్ దీవిలోని విమానాశ్రయంలో పొగమంచులో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొన్నాయి. 583 మంది పోయారు. టేకాఫ్‌కి పరుగు మొదలుపెట్టిన కేఎల్‌ఎం విమానంలో ఫ్లైట్ ఇంజనీరుకి అనుమానం వచ్చింది, ఎదుటి పాన్ ఆమ్ విమానం రన్‌వే ఖాళీ చేసిందా అని అడిగాడు కూడా. కెప్టెన్ గట్టిగా ‘చేసింది’ అన్నాడు. ఆ కెప్టెన్ కంపెనీలో పైలట్లకి శిక్షణ ఇచ్చే పెద్ద. ఇంజనీరు మళ్లీ అడగలేదు. ఇలాంటి ప్రమాదాలను చదివాకే 1979లో నాసా ఒక సదస్సు పెట్టింది, 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ శిక్షణ మొదలుపెట్టింది. కింది ఉద్యోగి అనుమానాన్ని బయటికి చెప్పడం, కెప్టెన్ ఆగి వినడం, రెండూ నేర్పే శిక్షణ. మన పేమెంట్ పేజీ పడిపోతే ఎవరూ చనిపోరు, నిజమే. కానీ ‘మళ్లీ అడగలేదు’ అన్న ముక్క నాకు బాగా తెలిసిన ముక్క.

కాబట్టి ముందే ఒక వాక్యం బట్టీ పట్టుకోండి, ఒత్తిడిలో కొత్త మాటలు దొరకవు. నాది ఇది: ‘ఇప్పుడే చెప్పి మంచి పని చేశారు. ఎంతవరకు పాకింది? నా నుంచి ఏం కావాలి?’ ఈ మూడు ముక్కలు అయ్యేదాకా ‘ఎందుకు’ అన్న మాట ఎత్తకండి. ‘ఎందుకిలా చేశారు?’ అని అడిగితే సంజాయిషీ వస్తుంది. ‘ఎలా జరిగింది, మొదటినుంచీ చెప్పండి’ అని అడిగితే సంగతి వస్తుంది. మంట ఆరాక, రెండు మూడు రోజుల తర్వాత, తీరిగ్గా కూర్చుని వరుస రాసుకోండి. అందులో మనుషుల పేర్లు రాయకండి, ‘డెప్లాయ్ చేసిన (మార్పుని సర్వర్‌లోకి ఎక్కించిన) వ్యక్తి’ అని రాయండి. ఆ వరుసలో మీరు చేసిన తప్పు ఒకటైనా ఉంటుంది, దాన్ని ముందు మీరే చదవండి. మా శుక్రవారం రిలీజ్ వరుసలో మొదటి గీత ‘గురువారం లీడ్ ప్రశ్న అడగకుండా ఆజ్ఞ ఇచ్చాడు’ అని ఉండాల్సింది. అప్పుడు నేనది రాయలేదు.

తప్పు ఎత్తి చూపాల్సినప్పుడు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు కదా అని తీయగా మాట్లాడుతూ అసలు విషయం మింగేసే లీడ్‌లనూ చూశాను. ఏడాదంతా ‘సూపర్ బ్రో’ అని, అప్రైజల్‌లో తక్కువ రేటింగ్ ఇస్తారు. అరిచే లీడ్ కన్నా వీళ్లు ప్రమాదం.

అమెరికాలో సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే సంస్థ నేర్పే పద్ధతి ఒకటి ఉంది, నాకు బాగా పనికొచ్చింది: సందర్భం, ప్రవర్తన, ప్రభావం. ‘మీకు బాధ్యత లేదు’ అనకూడదు, అది మనిషి మీద తీర్పు. ‘మంగళవారం క్లయింట్ కాల్‌లో వాళ్లు తేదీ అడిగినప్పుడు మీరు మ్యూట్‌లో ఉండిపోయారు. వాళ్లు మనకి ప్లాన్ లేదనుకుని రెండోసారి మెయిల్ పెట్టారు. ఆ సమయంలో ఏమైంది?’ అనాలి. చివరి ప్రశ్న నా చేర్పు. ఒకసారి దానికి వచ్చిన జవాబు: ‘తేదీ ఎవరు చెప్పాలో తెలియక మీ కోసం చూస్తున్నాను.’ తేదీ నేనే చెప్తానని అంతకు ముందు నేనే అన్నానట.

రెండు రోజుల్లోపు చెప్పండి, ఒంటరిగా చెప్పండి. శుక్రవారం సాయంత్రం చెప్పకండి. మడివాలలో ఊరి బస్సెక్కినవాళ్లు రాత్రంతా దాన్నే నెమరేసుకుంటారు. మెప్పు కూడా ఇదే కొలతతో ఇవ్వండి: ‘గుడ్ జాబ్’ అంటే చెవి దాటదు, ‘మీరు ఆ లాగ్ ముందే చూడబట్టి రెండు గంటలు కలిసొచ్చాయి’ అంటే గుర్తుంటుంది.

మెసేజ్‌ల గురించి రెండు ముక్కలు

‘ఒకసారి కాల్ చేయండి’ అని పంపి ఊరుకోకండి. ఎందుకో రాయండి. ఆ మూడు పదాలు చదివిన మనిషి కాల్ కలిసేలోపు ఉద్యోగం పోయినట్టూ, ఇంటి ఈఎంఐ ఆగిపోయినట్టూ ఊహించేసుకుంటాడు. రాత్రి తట్టిన ఆలోచన రాత్రే టైప్ చేసినా, పొద్దున వెళ్లేలా షెడ్యూల్ చేయండి. ‘రేపు చూడు, అర్జెంట్ కాదు’ అని రాత్రి పదకొండింటికి లీడ్ పంపితే అది అర్జెంటే.

మీరు టీమ్‌లో ఒకరైతే

అడగందే అమ్మైనా పెట్టదు. లీడ్ ఈ వ్యాసం చదివి మారేదాకా ఆగనక్కర్లేదు.

చెడ్డ కబురు చెప్పేటప్పుడు నీళ్లు నమలకండి. మనం చరిత్ర నుంచి మొదలుపెడతాం: ‘అంటే అన్నా, పోయిన వారం నేను ఆ ఫైల్ చూస్తుంటే...’ లీడ్‌కి మరో కాల్ వస్తుంది, అసలు మాట రాదు. ఫలితం ముందు చెప్పండి: ‘శుక్రవారం రిలీజ్ కష్టం. పేమెంట్ భాగంలో సగమే టెస్ట్ అయింది. రెండు దారులున్నాయి, సోమవారానికి జరపడం లేదా పేమెంట్ మార్పు తీసేసి మిగతాది పంపడం. నేనైతే రెండోది చేస్తాను. సాయంత్రంలోపు మీరు ఏదో ఒకటి చెప్పాలి.’ అర నిమిషం పట్టదు. మీ దగ్గర దారులేవీ లేకపోయినా చెప్పండి, పరిష్కారం దొరికాకే చెబుదామని ఆగితే నాలుగు రోజులు పోతాయి.

వెంటనే ‘సరే’ అనడం కష్టంగా ఉంటే కాస్త టైమ్ అడగండి. ‘ఒక గంట చూసి చెప్తాను’ అంటే ఎవరూ తప్పు పట్టరు. ఆ గంట తర్వాత తప్పకుండా చెప్పాలి, అంతే.

లీడ్ ‘చూద్దాం’ అన్నాడనుకోండి. కన్నడంలో ‘నోడోణ’, తమిళంలో ‘పార్కలాం’, ఏ భాషలోనైనా అది వాయిదానే. ‘ఎప్పుడు మళ్లీ అడగమంటారు?’ అని అక్కడికక్కడే తేదీ పుచ్చుకోండి. మాట అయ్యాక రెండు వాక్యాల మెయిల్ పెట్టండి: మనం అనుకున్నది ఇది, నేను ఇది మొదలుపెడుతున్నాను. ఇది కాగితాల రక్షణ కోసమని అనుకోకండి. మీరు వేరేలా అర్థం చేసుకుని ఉంటే లీడ్‌కి సరిచేసే అవకాశం అక్కడే దొరుకుతుంది.

ఒక సంగతి మాత్రం ఈ లెక్కలోకి రాదు. లైంగిక వేధింపులు ‘కమ్యూనికేషన్ గ్యాప్’ కావు, కాఫీ తాగి తేల్చుకునేవి కావు. 2013 చట్టం ప్రకారం పది మందీ అంతకు మించీ ఉద్యోగులున్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించగలదు. కమిటీ సభ్యుల పేర్లు ఆఫీసులో అందరికీ కనబడేలా పెట్టాలి. ఈ రోజే వెతికి చూసుకోండి, అవసరం లేనప్పుడే.

ఇక మిగిలింది మామూలు మొండి లీడ్. మూడుసార్లు, మూడు వేర్వేరు సందర్భాల్లో, పైన చెప్పినట్టు సూటిగా చెప్పి చూడండి. మూడుసార్లూ గోడకి చెప్పినట్టే ఉంటే ఆయన పై మేనేజర్‌తో మాట్లాడండి. ఆయనకి తెలియకుండా వెళ్లకండి, ‘ఈ విషయం పైన కూడా అడుగుతాను’ అని చెప్పి వెళ్లండి. అప్పటికీ కదలకపోతే అదే కంపెనీలో వేరే టీమ్‌లో ఖాళీలు చూడండి, అదీ లేకపోతే బయట. ఈ ఊళ్లో మంచి పనివాళ్లకి టీమ్‌ల కరువు లేదు. వెళ్లిపోయేముందు లీడ్ కాఫీకి పిలిచి ‘నాకు చెప్పకుండా మానేసింది ఏదైనా ఉందా?’ అని అడిగితే మాత్రం ‘ఏం లేదండీ’ అనకండి. ఒక్కటి చెప్పండి. మీ సీట్లోకి ఎవరో రాబోతున్నారు.